బాబీకి, స్పైయర్ ఫొటో చూశాక

బాబీ,

ఎలా ఉన్నావు నాన్నా. పార్సిల్ అందిందో లేదో ఒక్క ముక్క చెప్పొచ్చుగా. గోంగూర పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టి టేపేశాను, అయినా నూనె కారిందేమో అని నాకిక్కడ ఒకటే దిగులు. కారితే కాస్త నూనె కాచి చల్లారాక పైన పోసుకో, తడి చెంచా మాత్రం పెట్టకు. నా మెసేజ్‌లకి రెండు టిక్కులు పడుతున్నాయి కానీ నీలం అవ్వట్లేదు, అందుకే మెయిల్ రాస్తున్నా, ఎప్పుడో ఒకప్పుడు చూస్తావని.

పెద్ద విశేషం ఏం లేదు, ఊరికే రాస్తున్నా. రమణ బావ ఏదో అన్నాడు, నేను పట్టించుకోలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే వాళ్ల తోడల్లుడు చూశాడట, ఏదో చర్చి ముందు నువ్వూ ఒక అమ్మాయీ, ఆ పిల్ల చేతిలో పూలూ. పూలు ఎవరి చేతిలోనైనా ఉంటాయి. పట్టించుకోలేదన్నాగా.

నిన్న ఫోన్లో స్టోరేజ్ నిండిపోయిందంటే పాత ఫొటోలు తీసేస్తూ కూర్చున్నా, మాన్‌హైమ్ వెళ్లిన కొత్తలో నువ్వు పెట్టిన స్పైయర్ ఫొటో కనపడింది. "అమ్మా, ఎర్ర రాయి చర్చి, బాగుంది" అని పెట్టావు. ఇరవైతొమ్మిదేళ్లు సోషల్ చెప్పినదాని కొడుకువి, అంతేనా రాసేది? దాని కింద ఎవరున్నారో తెలుసా? జర్మనీ రాజు నాలుగో హెన్రీ. ఈ రోజు జనవరి 25 కూడాను, సరిగ్గా ఈ రోజే 1077లో ఆయన ఇటలీలో కనోసా కోట ముందు మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. టెన్త్ పిల్లలకి చెప్తుంటే వెనక బెంచీవాళ్లు కూడా నోరు మూసుకుని వినేవాళ్లు.

పాపం చిన్నప్పట్నించీ అంతే వాడి బతుకు. ఆరేళ్లు నిండకుండా తండ్రి పోయాడు. పదకొండేళ్లప్పుడు కొలోన్ ఆర్చిబిషప్ అన్నో, కొత్త పడవ చూపిస్తా రా అని రైన్ నది మీద ఎక్కించుకుని అటునుంచి అటే ఎత్తుకుపోయాడు, రాజు చేతిలో ఉంటే రాజ్యం చేతిలో ఉన్నట్టేగా. పిల్లాడు హడలిపోయి నదిలోకి దూకేశాడు, ఒక దొర వెంటనే దూకి పైకి లాక్కొచ్చాడు. ఒడ్డున వాళ్లమ్మ ఆగ్నెస్, ఏం చేస్తుంది. అది జరిగిన కైజర్స్‌వెర్త్ ఇప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లోనే ఉంది, అటు వెళ్తే చూడు, కానీ నీళ్ల దగ్గరికి పోకు, నీకు ఈత రాదు.

పెద్దయ్యాక పోప్ గ్రెగరీతో గొడవ. పైకి చూస్తే బిషప్ పదవికి గుర్తులైన ఉంగరం, చేతికర్ర గొడవ. బిషప్‌కి ఆ రెండూ ఎవరివ్వాలి, రాజా, చర్చా? కానీ అప్పట్లో బిషప్ అంటే ప్రార్థనలు చేసుకునే మనిషి మాత్రమే కాదురా, భూములు, పన్నులు, సైన్యం అన్నీ ఆయన కిందే. బిషప్‌కి వారసులుండకూడదు కాబట్టి ఆయన పోతే మళ్లీ తనకి కావాల్సినవాణ్ని పెట్టుకోవచ్చని రాజు లెక్క. పోపేమో పదవులు కొనుక్కోవడం ఆగాలి, ప్రీస్టులు పెళ్లాలతో కాపురాలు మానాలి అని పట్టుబట్టాడు, 1075లో అయితే చక్రవర్తుల్ని దించే హక్కు కూడా నాదే అని రాయించుకున్నాడు. ఈ సందులో ఊళ్లలో వ్యాపారస్తులు కూడా తెలివిమీరారు, మీ పక్కనున్న వోర్మ్స్ జనం 1073లో వాళ్ల బిషప్‌ని తరిమేసి హెన్రీకి తలుపులు తీశారు, మరుసటి ఏడాది ఆయన వాళ్లకి సుంకాలు తీసేశాడు, ఆ కాగితంలో యూదుల పేరు కూడా ఉంది. సరే, మార్కులు వేయడానికి ఇప్పుడు నేను లేనులే.

1076లో హెన్రీ "నువ్వు పోపువే కాదు, దొంగ సన్యాసివి, దిగు" అని ఉత్తరం రాయించాడు. కోపంలో రాసిన ఉత్తరం. ఉగాదినాడు నువ్వు మీ నాన్నకి పెట్టిన మెసేజ్ కూడా అలాంటిదే, ఆయన అన్నదీ తక్కువేం కాదనుకో. పోప్ వెలేశాడు. మన ఊళ్లలో నీళ్లూ నిప్పూ ఆపేసినట్టు అనుకో, ఇంకా ఘోరం, ఆయనకి చేసిన ప్రమాణాలన్నీ చెల్లవన్నాడు, ఇక దొరలకి కావాల్సిందేముంది. ఏడాదిలోపు వెలి తీయించుకోకపోతే నువ్వు రాజువి కాదన్నారు.

అప్పుడు బయల్దేరాడు చూడు, నడిశీతాకాలంలో, ఆల్ప్స్ దాటి, భార్య బెర్తాని, మూడేళ్లు నిండని కొడుకు కొన్రాడ్‌ని వెంటేసుకుని. ఆడవాళ్లని ఎద్దుతోళ్ల మీద కూర్చోబెట్టి మంచులో కిందకి ఈడ్చుకెళ్లారని లాంబెర్ట్ అనే సన్యాసి రాశాడు, గుర్రాలకి కాళ్లు కట్టేసి లాగారట. ఆ పసివాడికి చలికి ఏం కట్టారో మాత్రం ఎవరూ రాయలేదు. నువ్వు మఫ్లర్ కట్టుకుంటున్నావా? ఉన్ని సాక్సులు మూడు జతలు పంపాను, డ్రాయర్లో దాచేయకు.

కనోసా మటిల్డా అనే ఆవిడ కోట. లోపల పోప్, బయట ఉన్ని గుడ్డల్లో రాజు. మూడు రోజులు. పోప్ గెలిచాడు, రాజు ఓడాడు అని పుస్తకాల్లో రాసేస్తారు, నేనూ అలాగే చెప్పాను ఇన్నేళ్లు. ఇప్పుడనిపిస్తుంది, ఇరుక్కున్నది లోపలున్నవాడే అని. పశ్చాత్తాపంతో వచ్చినవాణ్ని తిప్పి పంపితే ఆయన ప్రీస్టే కాదు, తలుపు తీస్తే జర్మనీలో దొరలు ఊరుకోరు. నా చుట్టూ ఉన్నవాళ్లే ఇది క్రూరత్వం అన్నారు అని ఆయనే ఉత్తరంలో ఒప్పుకున్నాడు. నాలుగో రోజు తీశాడు. ఎవరో ఒకరు వచ్చి బయట నిలబడితేగానీ లోపలివాడికి తలుపు తీసే దారి ఉండదురా.

మీ నాన్న నీ పేరెత్తరు. కానీ పొద్దున్నే ఫోన్ చూసి "అక్కడ మైనస్ మూడంట" అని గాల్లోకి అంటారు, నేనేమో ఊ కొట్టకుండా కాఫీ పెడతాను.

తర్వాత కథ చెప్పకూడదనుకున్నా. ఆ కొన్రాడే పెద్దయ్యాక తండ్రి మీద తిరగబడ్డాడు. రెండోవాడు ఐదో హెన్రీ 1105లో రాజీ అని నమ్మించి తండ్రిని కోటలో పెట్టి కిరీటం లాక్కున్నాడు. ముసలాయన తప్పించుకుని ఇప్పటి బెల్జియంలో ఉన్న లీజ్ ఊరు చేరి 1106 ఆగస్టులో పోయాడు, మళ్లీ వెలిలోనే. పూడ్చినవాణ్ని తవ్వి తీసి స్పైయర్ పంపారు. వాళ్ల తాత మొదలుపెట్టి తను పెంచి కట్టించిన చర్చి అది, అందులోకి రానివ్వలేదు, పక్కన ఇంకా ప్రతిష్ఠ కాని చిన్న గదిలో అయిదేళ్లు పెట్టారు. 1111లో ఆ కొడుకే అప్పటి పోప్‌ని బంధించి మరీ తండ్రిని లోపల పూడ్పించాడు. తండ్రి పోట్లాటే తర్వాత తనకీ తగులుకుంది, 1122లో వోర్మ్స్‌లో రాజీపడేదాకా వదల్లేదు, ఉంగరం, కర్ర చర్చికి, రాజుకి రాజదండం ఇచ్చే హక్కు.

తాతయ్య పోయినప్పుడు పెదనాన్న గేటు బయటే నిలబడ్డాడు, నీకు గుర్తుండదు, నాలుగేళ్లవాడివి. మీ నాన్న పైకి చూడకుండా నడిచారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు, ఎందుకో నేనూ అడగలేదు.

ఇంతకీ ఆ అమ్మాయి కారం తింటుందా? తినకపోతే పచ్చడిలో నెయ్యి ఎక్కువ కలుపు. విటమిన్ డి మాత్రలు ఆపకు.

శనివారం మీకు పొద్దున పదకొండంటే మాకు మూడున్నర, ఆయన పడుకుని లేచి పేపర్ మళ్లీ చదివే టైము. ల్యాండ్‌లైన్‌కి చెయ్, హాల్లో మోగుతుంది. నేను వంటింట్లో ఉంటా, చేతులకి పిండి ఉంటుంది, ఎత్తను.

అమ్మ