మంత్రిగారూ, గోడ దక్కింది, మరి ఆట?

వేల్స్ ప్రభుత్వంలో సంస్కృతి, క్రీడలు చూసే మంత్రిగారికి,

నమస్కారం. నేను కార్డిఫ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. కామన్వెల్త్ పౌరుడిగా నాకు సెనెడ్ (వేల్స్ పార్లమెంటు) ఎన్నికల్లో ఓటుంది కాబట్టి మిమ్మల్ని అడిగే హక్కూ ఉందనుకుంటున్నాను. నేను అడిగేది నెల్సన్ ఊళ్లోని హ్యాండ్‌బాల్ కోర్టు గురించి. తెలుగులో ఎందుకంటారా? ఇక్కడ స్థిరపడిన మావాళ్లలో చాలామంది ఈ ఆట పేరే విని ఉండరు. వాళ్లూ చదవాలి.

వాళ్ల కోసం ముందు కాస్త చెబుతాను. కార్డిఫ్‌కు ఉత్తరాన, కేర్‌ఫిలీ ప్రాంతంలో ఉంది నెల్సన్. అక్కడ రాయల్ ఓక్ పబ్బు ఎదురుగా, ఆరుబయట, మూడు వైపుల ఎత్తయిన గోడలతో ఉంటుందీ కోర్టు. 1860 ప్రాంతంలో ఆ పబ్బు యజమానే కట్టించాడు. గట్టి బంతిని అరచేత్తో గోడకేసి కొట్టాలి. అది తిరిగొచ్చి రెండోసారి నేలను తాకేలోపు ఎదుటివాడు మళ్లీ కొట్టాలి. రాకెట్ లేని స్క్వాష్ అనుకోండి. బొగ్గు గనుల కాలంలో దీనిమీద జోరుగా పందేలు కాసేవాళ్లు, డబ్బు కోసమే ఆడే ఆటగాళ్లూ ఉండేవాళ్లు. పబ్బు యజమాని ఊరికే కట్టించి ఉంటాడా!

అంతకుముందు చర్చి గోడలే కోర్టులు. మన్‌మత్‌షైర్‌లోని లాన్‌వైర్ డిస్కోయిడ్ చర్చిలో, ఆదివారం బంతాట ఆడేవాళ్లను దయ్యం పట్టుకుపోతుందని రాతిమీద చెక్కించారు. అంత బెదిరించాల్సి వచ్చిందంటే జనం ఎంత మొండిగా ఆడేవాళ్లో!

నెల్సన్ కోర్టుకు చారిత్రక కట్టడాలకు ఇచ్చే గ్రేడ్ 2 రక్షణ ఉంది. సంతోషం. కానీ ఆ రక్షణ కట్టడానికే. గోడను కూలగొడితే కేసు పెట్టొచ్చు. ఆడేవాళ్లు లేకుండా పోతే ఎవరిమీద పెడతారు? పక్కనే ఐర్లండ్‌లో ఇదే తరహా ఆటను అక్కడి దేశీయ ఆటల సంఘమైన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ తన ఆటల్లో ఒకటిగా చూసుకుంటోంది. మా చెడుగుడూ ఊరి ఆటే. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక టీవీకెక్కింది, పిల్లలకు కెరీర్ అయింది. వేల్స్‌లో రగ్బీకి దొరికే శ్రద్ధలో పదో వంతు చాలు దీనికి.

నేనేమీ స్టేడియం అడగడం లేదు. కోర్టు పక్కన ఇంకో సమాచార బోర్డు మాత్రం దయచేసి వద్దు, చదివి వెళ్లిపోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. ఒకే గోడతో ఆడే పద్ధతి కూడా ఉంది, పలు దేశాల్లో ఆడుతున్నారు. దానికి బడి వెనక ఒక నున్నటి గోడ, కింద చదునైన నేల ఉంటే సరిపోతుంది. 2022లో మొదలైన మీ కొత్త పాఠ్యప్రణాళిక, సొంత ఊరి నుంచే పాఠాలు అల్లుకోమంటోంది కదా. నెల్సన్ చుట్టుపక్కల బళ్లలో పీఈటీ టీచర్లకు ముందు శిక్షణ ఇప్పించండి. ఏడాదికోసారి ఆ పిల్లలకు పాత కోర్టులోనే పోటీ పెట్టండి.

ఇంకొక్కటి. సజీవ వారసత్వాన్ని కాపాడతామన్న యునెస్కో ఒప్పందాన్ని యూకే 2024లో ఆమోదించింది. ఆ లెక్కన ఆట కూడా వారసత్వమే. అలాంటి వారసత్వాల దేశవ్యాప్త జాబితాలో వెల్ష్ హ్యాండ్‌బాల్ ఉండేలా మీ శాఖ ఏం చేయబోతోందో రాతపూర్వకంగా జవాబివ్వమని కోరుతున్నాను. వెల్ష్‌లో ఇచ్చినా ఫర్వాలేదు, చదివించుకుంటాను.

ఇట్లు,
కార్డిఫ్‌లో ఉంటున్న ఒక తెలుగు ఓటరు