ఒకటో తారీఖు పింఛనుతో పాటు నాలుగు ప్రశ్నలు కూడా పంపండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,

నమస్కారం. ప్రతి నెలా ఒకటో తారీఖున మన ప్రభుత్వం లక్షల మంది వృద్ధుల గుమ్మం ముందుకు వస్తోంది. ఎన్టీఆర్ భరోసా కింద 4,000 రూపాయలు చేతిలో పెట్టడానికి సచివాలయ ఉద్యోగులు పొద్దున్నే బయల్దేరుతున్నారు. ఇంత ఏర్పాటు ఉండి కూడా మతి తప్పుతున్న పెద్దవాళ్లను గుర్తించలేకపోతున్నాం. ఆ బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మేముండేది గుంటూరులో. మా అత్తయ్య గారికి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు. మా వెనక వీధిలో ఉండే ఒక పెద్దాయనదీ అదే పరిస్థితి. ఒకప్పుడు టైలరు. మొన్నామధ్య ఒకటో తారీఖున వేలిముద్ర వేసి, నోట్లు లెక్కపెట్టుకుని తలగడ కింద దాచుకున్నారు. సచివాలయం అబ్బాయి పక్కింట్లో పింఛను ఇచ్చి తిరిగొస్తుంటే గుమ్మంలో నిలబడి, "ఏం నాయనా, నా డబ్బులు ఇయ్యకుండానే పోతన్నావే?" అని నిలదీశారు. పాపం ఆ అబ్బాయి విసుక్కోలేదు. లోపలికి తీసుకెళ్లి తలగడ ఎత్తి చూపించాడు. "కొన్నాళ్లుగా ఇంతేనండీ" అన్నాడు నాతో. డాక్టరు కంటే ముందు ఆ జబ్బు అతని కంట పడింది. కానీ రాసుకోవడానికి అతని దగ్గర చోటు లేదు, ఎక్కడికి పంపాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంటి కోడలు మిర్చి గోడౌన్లో తొడిమలు తీసే పనికి పోతుంది. మామగారికి అన్నం పెట్టి, మంచినీళ్లు అందేచోట ఉంచి, బయట గడియ వేసుకుని వెళ్తుంది. చూసినవాళ్లు తలో మాటా అంటారు. నాలుగడుగులు వేస్తే ఆటోలు, లారీలు. ఒకసారి ఆయన నడుచుకుంటూ వెళ్లి బస్టాండులో దొరికారు. ఆమె కూలి మానుకుంటే ఇల్లు గడవదు. ఆమెను తప్పుపట్టే ముందు, పగలు ఆయన్ను ఎక్కడ ఉంచాలో మనం చెప్పగలగాలి కదా?

ఇది ఒకటీ అరా ఇళ్ల సంగతి కాదు. దేశంలోని పెద్దవాళ్లలో ఈ జబ్బు మీద జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం 2023లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆడవాళ్లలో ఎక్కువ, పల్లెల్లో ఎక్కువ. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే సంతానోత్పత్తి రేటు 1.7, అంటే ఒక్కో స్త్రీకి సగటున ఇద్దరు పిల్లలైనా లేరు. ఉన్న ఒక్క బిడ్డా హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, ఇక్కడ గుంటూరు బ్రాడీపేటలో మిగిలిన ముసలి దంపతుల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినప్పుడు రెండోవారే నర్సు, వంటమనిషి, కాపలా.

మా అత్తయ్యను మొదట చూపించినచోట "వయసు మీద పడింది, అంతే" అని టానిక్ రాసి పంపేశారు. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, డిప్రెషన్ వచ్చినా మతిమరుపు రావచ్చు. వాటికి మందులున్నాయి. రక్తపరీక్షతో బయటపడేదాన్ని కూడా వయసు ఖాతాలో వేసేయడం ఎంత అన్యాయం! బీపీ, షుగరు, వినికిడి లోపం, చూపు మందగించడం, ఒంటరితనం లాంటి 14 కారణాలను సరిదిద్దుకుంటే 45 శాతం దాకా కేసులను ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ చెప్పింది. చెవుడని వదిలేసిన తాతకు మిషను ఇప్పించడం కూడా ఆయన మెదడును కాపాడే పనే.

అందుకే అడుగుతున్నాను. పింఛను ఇచ్చే ఫోనులోనే ఇంటివాళ్లను అడగాల్సిన నాలుగు ప్రశ్నలు పెట్టించండి. అడిగిందే అడుగుతున్నారా? తెలిసిన దారి తప్పుతున్నారా? డబ్బు లెక్కలో తడబడుతున్నారా? స్నానం, వంట లాంటి రోజువారీ పనులు మర్చిపోతున్నారా? నెల నెలా అక్కర్లేదు, ఏడాదికి రెండుసార్లు చాలు. అవునని చెప్పిన ఇంటికి ఏఎన్ఎం వెళ్లాలి. అక్కడి నుంచి పంపడానికి గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికొక రోజు, వీళ్ల కోసమే ఓపీ పెట్టాలి. మామూలు ఓపీ లైనులో గంట కూర్చోబెట్టడం మా వల్ల కాదు. ఎక్కడున్నామో తెలియక అత్తయ్య హడలిపోతారు. పరీక్షలు ఇంగ్లీషులో ఉన్నాయనే ఇబ్బంది కూడా లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేయించిన జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం, పగటిపూట వీళ్లను చూసుకునే కేంద్రం. సాయంత్రం అయ్యేసరికి మా అత్తయ్య రెండు చీరలు కవర్లో పెట్టుకుని "మా నాన్న ఎదురుచూస్తుంటాడు, నన్ను తెనాలి బస్సెక్కించండి" అంటారు. "అలాగే అత్తయ్యా, ముందు కాఫీ తాగండి" అంటాను. కాదంటే ఏడుస్తారు. రాత్రి పదింటిదాకా ఇదే. మళ్లీ పొద్దున్నే నా ఉద్యోగం. మేం అప్పో సప్పో చేసి ఆయాను పెట్టుకున్నాం. మిర్చి గోడౌన్‌కి పోయే ఆమె ఏం చేస్తుంది? పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్లే కేంద్రాలు గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి తెరవండి. ఖాళీగా ఉన్న మున్సిపల్ భవనమైనా సరే, శిక్షణ పొందిన ఆయాలు, నేల మీద జారని బాత్రూము, గేటుకు కాపలా ఉండాలి. కేరళ 2014లోనే డిమెన్షియా కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ సాయంతో జిల్లా ఆసుపత్రుల్లో బ్రెయిన్ హెల్త్ క్లినిక్‌లు నడుపుతోంది. మనకేం తక్కువ?

ఇంకొక్క మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరుంది, డిమెన్షియా పేరు విడిగా లేదు. కాళ్లూ చేతులూ ఆడుతున్నా తనంతట తాను బతకలేని మనిషికి సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో డాక్టర్లకు స్పష్టంగా రాసి పంపించండి.

ముందు పాతగుంటూరులో ఒక్క సచివాలయంతో మొదలుపెట్టినా చాలు. సిబ్బందికి శిక్షణ ఇచ్చే రోజున మాలాంటి ఇళ్లవాళ్లను కూడా పిలవండి. ఆ ప్రశ్నలు పెద్దవాళ్ల మనసు నొచ్చుకోకుండా ఎలా అడగాలో మేం వచ్చి చెబుతాం.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక కోడలు