58 మందికి ఒక్కరే సిస్టర్: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక నర్సు ఉత్తరం

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు స్టాఫ్ నర్సుని. సూపరింటెండెంట్ గారికి రెండుసార్లు, ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదులన్నీ దాచుకున్నాను. జవాబు ఒక్కదానికీ రాలేదు.

బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మొన్న శనివారం నైట్ డ్యూటీలో మా వార్డులో 58 మంది ఉన్నారు. నాతో డ్యూటీ పడిన సిస్టర్‌ను క్యాజువాలిటీకి పంపేశారు. ఇక నేనొక్కదాన్నే. రాత్రి పది గంటల ఇంజెక్షన్లకు మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా, చివరి మంచం దగ్గరికి వెళ్లేసరికి దాదాపు మూడవుతుంది సార్. ఈలోపు ఒకరికి సెలైన్ అయిపోతుంది, ఇంకొకరికి క్యాన్యులా ఊడిపోతుంది, కొత్త అడ్మిషన్ వస్తుంది, కేస్ షీట్లు రాయాలి. ఆ రాత్రి కిటికీ పక్క మంచం మీది పెద్దాయన "బిడ్డా, ఊపిరాడతలేదు" అని పిలిచాడు. అప్పుడు నేను అవతలి వరసలో ఫిట్స్ వచ్చిన అబ్బాయిని పట్టుకుని ఉన్నాను. పెద్దాయన దగ్గరికి చేరేసరికి పావుగంట పట్టింది. ఆక్సిజన్ పెట్టాక తేరుకున్నాడు, దేవుడి దయ. పొద్దున ఆయన కొడుకు నన్ను అందరి ముందూ తిట్టాడు. ఆయన కోపం న్యాయమే. కానీ ఆ పావుగంట నేను ఎక్కడినుంచి తేవాలి?

మా పాప ఇంటర్ బైపీసీ పాసైంది. బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. ఈ పని నాకు ప్రాణం కాబట్టి సంతోషించాను. చదివాక ఏం చేస్తావమ్మా అంటే, జర్మనీ పోతానంది. విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పించే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ వాళ్లే భాష నేర్పించి పంపుతున్నారు కదా అంది. పోయే పిల్లలను నేను తప్పుపట్టను. ఇక్కడే ఉన్న పిల్లలు, నాకు తెలిసినవాళ్లే, ప్రైవేటులో పది పన్నెండు వేలకు చేస్తున్నారు. చిన్న ఆసుపత్రిలోనైనా 20 వేలకు తగ్గొద్దని కేంద్రం వేసిన కమిటీ 2016లోనే చెప్పింది. వాళ్లంతా మీ నోటిఫికేషన్ కోసం కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు.

పోస్టులు నింపండి సార్. మా కాంట్రాక్టు సంగతి తర్వాతైనా చూడండి, ముందు పోస్టులు నింపండి. రాత్రిపూట వార్డుకు కనీసం ఇద్దరు ఉండేలా ఒక్క ఆర్డర్ ఇవ్వండి. నా మాట మీద నమ్మకం లేకపోతే, ముందుగా చెప్పకుండా, రాత్రి ఎనిమిది దాటాక ఏ వార్డుకైనా ఒకసారి రండి.

సోమవారం నుంచి నాకు మళ్లీ నైట్లు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు