మొదటి వేలు ఎత్తి చూడు

పాలకొల్లు,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందంటుంది గానీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటోంది. బుజ్జిగాడి నిశ్చితార్థం మాఘమాసంలోకి వెళ్లింది. నీ ఫోను వచ్చి ఇరవై రెండు రోజులైంది. మీ అమ్మ క్యాలెండర్లో గీతలు పెడుతోంది.

మొన్న చిన్నత్త మాటల మధ్యలో చెప్పింది. యూనివర్సిటీ బ్యాండు ఆడిషన్‌కి నువ్వు పేరు ఇవ్వలేదట, పైకెళ్లే చోట ప్రతిసారీ కీచుమంటోందని క్లారినెట్ పెట్టెలో పెట్టేశావట. నిజమో కాదో నేను అడగను. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు.

అక్కడ చలి మొదలైందా? చల్లగా ఉన్న వాయిద్యాన్ని తీసిన వెంటనే గట్టిగా ఊదకు. శ్రుతి తగ్గుతుంది, చెక్క బీట తీసినా తీస్తుంది. ముందు కాసేపు చేతుల్లో పట్టుకుని వేడెక్కనివ్వు.

ఆగస్టులో నువ్వు ఫొటో తీసి పంపిన పేజీ మళ్లీ చూశాను. బి ఫ్లాట్, డి, ఎఫ్, మళ్లీ డి. బి ఫ్లాట్ పైన సికి కాస్త కింద, మిగతావి సి దాటాక వచ్చే స్వరాలు. బి ఫ్లాట్‌కి నువ్వు కుడి చూపుడు వేలితో పక్క కీ నొక్కుతావు కదా? ఆ వేలే వెంటనే డి కోసం రంధ్రం మీదికి దూకాలి. అక్కడే తడబడుతున్నావని నా అనుమానం. బి ఫ్లాట్‌ని రెండు చూపుడు వేళ్లతో, అంటే ఎడమది ఒకటి, కుడిది ఒకటి మూసి ఊదు. కుడి వేలు అప్పటికే డి చోటులో ఉంటుంది. ఇక ఎడమ చెయ్యి మారితే చాలు. డి నుంచి ఎఫ్‌కి వెళ్లేటప్పుడు కుడి చిటికెన వేలు ఈ ఫ్లాట్ కీ మీద అలాగే ఉంచు. కుడి చూపుడు వేలు ఎత్తి, ఎడమ చిటికెన వేలు సి షార్ప్-జి షార్ప్ కీ మీద పెట్టు. శ్రుతి ఎలా ఉందో ట్యూనర్ పెట్టి చూసుకో, ఒక్కో వాయిద్యం ఒక్కోలా పలుకుతుంది.

నేను నీ వయసులో ఉండగా తణుకు దగ్గర ఒక పెళ్లి ఊరేగింపులో వాయించాం. పెట్రోమాక్స్ లైట్లు, ముందు డప్పులు, వెనక మేము. చరణం పైకెళ్లే చోట నా రీడు, అదే నోటి దగ్గర ఉండే పలుచని రెల్లు ముక్క, కీచుమంది. రెండోసారీ అంతే. పెళ్లికొడుకు మేనమామ వెనక్కి తిరిగి చూశాడు. నేను టెన్షన్‌తో పళ్లు ఇంకా బిగించాను, కింది పెదవి లోపల రక్తం ఉప్పగా తగిలింది. గుడి దగ్గర బండి ఆగింది. బ్యాండు మాస్టారు వచ్చి తిడతారనుకున్నాను. ఆయన నా ఎడమ చూపుడు వేలు పట్టుకుని, కింది స్వరం ఊదమన్నారు. ఊదాను. ఊదుతుండగా ఆ వేలిని మెల్లగా కిందికి దొర్లించి, రంధ్రం సగం తెరిచారు. స్వరం ఆరో మెట్టుకి లేచింది! నేను పెదవి కదల్చనే లేదు. "పళ్లెందుకురా, వేలుందిగా" అన్నారు. ఆ రాత్రి ఊరేగింపు తెల్లవారుజాము దాకా సాగింది. ఇంటికొచ్చాక నానమ్మ పెదవికి నెయ్యి రాసింది. నా పాత క్లారినెట్ కీల అమరిక వేరు గానీ, ఈ పద్ధతి నీ దానికీ పనిచేస్తుంది.

నువ్వూ అలాగే చెయ్యి. మధ్య స్థాయిలోని ఈ పట్టుకుని మొదటి వేలు, అంటే ఎడమ చూపుడు వేలు, ఎత్తితే పైన సి షార్ప్. ఎఫ్ పట్టుకుని ఎత్తితే డి, జి పట్టుకుంటే ఈ, ఏ పట్టుకుంటే ఎఫ్ షార్ప్. డి నుంచి పైకి కుడి చిటికెన కీ కలుపు, శ్రుతి నిలబడుతుంది. నిలబెట్టే స్వరానికి ఆ కీ కావాలి. సి షార్ప్, డి మధ్య వేగంగా తిరిగేటప్పుడు మాత్రం వదిలెయ్, అంత వేగంలో ఎవరికీ తేడా తెలియదు. ఏ వేళ్లు వాడతావో పెన్సిల్‌తో స్వరం మీద రాసుకో, ఆడిషన్‌లో ఆలోచించడానికి టైం ఉండదు. రోజుకి పది నిమిషాలు చాలు, పెదవి మండితే ఆపెయ్. రాత్రి తిని పడుకో, కాఫీతో సరిపెట్టకు. చదువు ముందు, అది నీకు తెలుసు. అయినా మొదలుపెట్టినదాన్ని మధ్యలో వదలడం మన ఇంట్లో లేదు, మీ తాతయ్య కూడా...

చెప్పకూడదు అనుకుంటూనే చెప్పేశాను.

ఆడిషన్‌కి వెళ్లకపోయినా నాకేం కోపం లేదు. నీ క్లారినెట్ మూడు వారాలు మూసి ఉంటే మాత్రం లోపల తడి ఆరిందో లేదో చూడు, గుడ్డ లాగి తుడువు, జాయింట్ల కార్కులకి గ్రీజు రాయి. పాత రీడు పారెయ్, కొత్తది పెట్టుకో. డబ్బు సరిపోకపోతే చెప్పు.

అమ్మ సున్నుండలు కట్టి డబ్బాలో పెట్టింది. బుజ్జిగాడి స్నేహితుడు వచ్చే నెల అటే వస్తున్నాడు, వాడితో పంపుతాం. వచ్చే ఆదివారం ఇక్కడ పొద్దున ఏడు గంటలకి ఫోన్ దగ్గరే ఉంటాను. మాట్లాడాలనిపించకపోతే ఆ నాలుగు స్వరాలు ఊదు, వింటాను.

ఆశీస్సులతో,
నాన్న