సైడ్ ఎఫెక్ట్స్ లేవని అమ్మిన దగ్గు మందు మీద మీ కంపెనీకి ఫిర్యాదు

హనుమకొండ,
ఫిబ్రవరి 2026

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ మూలికల దగ్గు సిరప్, అదే పేరుతో అమ్మే చప్పరించే బిళ్ళల లేబుళ్ల మీద హెచ్చరికలు లేకపోవడం, వాటిని వాడిన మా అమ్మ ఆరోగ్యం దెబ్బతినడం గురించి.

నమస్కారం.

మా అమ్మకు 64 ఏళ్లు. 11 ఏళ్లుగా బీపీకి రోజూ ఒక బిళ్ళ వేసుకుంటుంది. ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేసే మందు కూడా కలిసిన బిళ్ళ అది. ఇన్నేళ్లలో ఆమె బీపీ ఎప్పుడు చూసినా 130/80 దగ్గరే ఉండేది. మొన్న కార్తీక మాసంలో తెల్లవారుజామున తలస్నానాలు చేసి దగ్గు తెచ్చుకుంది. మిరియాల కషాయం తాగింది, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంది. తగ్గలేదు.

మామూలుగా అయితే మెడికల్ షాపులో ఏదో ఒక ఇంగ్లిషు మందు సిరప్ తెచ్చేవాళ్లం. కానీ అంతకుముందు నెలే, 2025 అక్టోబరులో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయిన వార్త రోజూ టీవీలో చూశాం. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిందని తేలింది. కిడ్నీలు పాడై పోయిన ఆ పసివాళ్ల గురించి చదివి అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "నాకు ఆ సిరప్‌లు వద్దే, ఆకులతో చేసింది ఏదైనా తీసుకురా" అంది. షాపులో మీ సీసా కనపడింది. ఆకుపచ్చ అట్టపెట్టె, దాని మీద తులసి కొమ్మ బొమ్మ, కింద పెద్ద తెలుగు అక్షరాల్లో "100 శాతం సహజం, సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని. భయపడి ఉన్న మనిషికి ఆ మాట ఎంత ధైర్యం ఇస్తుందో మీకు తెలిసే రాసి ఉంటారు. నేను కూడా నమ్మాను. సీసా తెచ్చింది నేనే.

అమ్మ ఆ సిరప్ రోజుకు నాలుగుసార్లు తాగింది. మీ లేబుల్ మీద "రోజుకు 3–4 సార్లు, లేదా అవసరాన్ని బట్టి" అనే ఉంది. మధ్యలో గొంతు గరగర అన్నప్పుడల్లా మీ బిళ్ళలు చప్పరించింది. ఎన్నాళ్లు వాడొచ్చో సీసా మీద గానీ పెట్టె మీద గానీ లేదు. దగ్గు కాస్త తగ్గడం, మళ్లీ రావడం. అలా ఆరు వారాలు, ఏడు సీసాలు.

డిసెంబరు మొదట్లో రాత్రుళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని లేచి కూర్చునేది. వయసు కదా అనుకున్నాం. తర్వాత పాదాలు వాచాయి. మా డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే బీపీ 176/102 ఉంది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, కొత్తగా ఏమైనా మందులు వాడుతున్నారా?" అని. అమ్మ "లేదండీ" అంది. పక్కనే ఉన్న నేను కూడా లేదనే అన్నాను. ఆయన బీపీ మందు డోసు పెంచి పంపించారు.

ఈ ఒక్క సంగతి మీరు దయచేసి ఆగి ఆలోచించాలి. మేము అబద్ధం చెప్పలేదు. మీ సీసా మాకు మందుల లెక్కలోకే రాలేదు. అది సహజం, దానికి సైడ్ ఎఫెక్ట్స్ లేవు, ఇక అది మందెలా అవుతుంది? ఇంట్లో తాగే పసుపు పాల వరసలో కలిపేశాం. మీరు అట్టపెట్టె మీద వేసిన ఆ మూడు ముక్కల వల్ల డాక్టర్‌కు తెలియాల్సిన విషయం తెలియకుండా పోయింది.

పది రోజులకు అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ కాళ్లలో సత్తువ లేక కూలబడింది. గుండె దడదడలాడుతోందని చెప్పింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తంలో పొటాషియం 2.9 అని వచ్చింది. కనీసం 3.5 ఉండాలి. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉందని రెండు రోజులు అక్కడే ఉంచుకున్నారు. ఈసారి డాక్టర్ గారు వేరేగా అడిగారు. "మందులు కాదమ్మా, కషాయాలు, పొడులు, టానిక్‌లు, అలాంటివి?" అప్పుడు మీ సీసా గుర్తొచ్చింది. ఆమె సంచిలోనే ఉంది.

ఆయన ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదివారు. మూలికల పట్టిక అంతా ఇంగ్లిషులో, శాస్త్రీయ నామాలతో, ఆవగింజంత అక్షరాల్లో ఉంది. అందులో మొదటి పేరు గ్లైసిరైజా గ్లాబ్రా. అంటే అతిమధురం. మీ బిళ్ళల్లోనూ అదే ఉంది.

అతిమధురం మాకు తెలియనిది కాదు. పాడేవాళ్లు, హరికథలు చెప్పేవాళ్లు గొంతు కోసం బుగ్గన పెట్టుకుంటారు. ఎప్పుడో ఒకసారి చిన్న ముక్క చప్పరించేవాళ్లకు ఏమీ కాకపోవచ్చు. కానీ దానిలో గ్లైసిరైజిన్ అనే పదార్థం ఉంటుందని, రోజూ ఎక్కువగా వారాల తరబడి లోపలికి వెళ్తే కిడ్నీలు ఉప్పునూ నీటినీ ఒంట్లోనే పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపేస్తాయని డాక్టర్ గారు వివరించారు. బీపీ పెరగడం, కాళ్లు వాయడం, కండరాలు పట్టేయడం, నీరసం, అన్నీ దాని గుణాలే. పైగా అమ్మ వేసుకునే బీపీ బిళ్ళ కూడా పొటాషియాన్ని తగ్గించే రకం. రెండూ తోడయ్యాయి. ఇది కొత్తగా కనుక్కున్న సంగతి కూడా కాదు. యూరప్‌లో ఆహార నిపుణుల సంఘం 2003లోనే గ్లైసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పింది. మందులు తయారుచేసే మీకు ఇది తెలియదంటే నేను నమ్మలేను.

"ఇదే కారణమని నా అనుమానం, ఆపి చూద్దాం" అన్నారాయన. మీ సిరప్, చప్పరించే బిళ్ళలు రెండూ ఆపేశాం, పొటాషియం ఇచ్చారు. మూడు వారాలకు పొటాషియం 4.1కి వచ్చింది, కాళ్ల వాపు పోయింది. బీపీ మళ్లీ పాత డోసుకే అదుపులో ఉంది. రిపోర్టులన్నీ జతచేశాను.

జనవరిలో మీ కస్టమర్ కేర్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి మాట్లాడినావిడ "అది నేచురల్ ప్రొడక్ట్ మేడమ్, దానివల్ల అలా అవదు" అని చెప్పి పెట్టేశారు. రెండోసారి మాట్లాడినాయన "మీ అమ్మగారు ఎక్కువ వాడేసి ఉంటారు" అన్నారు. ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఎంత వాడినా ఏమీ కానిదైతే ఎక్కువ వాడటం అనే మాటే ఉండకూడదు. ఎక్కువైతే హాని చేసేదైతే ఎంత ఎక్కువో, ఎన్నాళ్లు ఎక్కువో సీసా మీద ఉండాలి.

నేను మూలికల మందులకు వ్యతిరేకిని కాను. మా తాతగారి ఊళ్లో ఆయుర్వేద వైద్యులు ఒకాయన ఉండేవారు. ఆయన పొట్లం కట్టి చేతికిచ్చేముందు వయసు అడిగేవారు, కడుపుతో ఉన్నావా అని అడిగేవారు, ఎన్ని పూటలు వేసుకోవాలో, దేనితో వేసుకోవాలో చెప్పేవారు. వంకాయ తినొద్దు, గోంగూర తినొద్దు అని పథ్యం పెట్టేవారు. పథ్యం లేని మందు ఆయన దగ్గర లేదు. మీరు ఆయన వాడిన మూలికలనే తీసుకున్నారు. ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ వదిలేశారు.

ఇంగ్లిషు మందులన్నీ మంచివని కూడా అనను, ఛింద్వాడా చూశాక ఎవరూ అనలేరు. అయినా మా ఇంట్లో ఉన్న పారాసిటమాల్ స్ట్రిప్ తిప్పి చూశాను. మోతాదు మించితే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చని దాని మీద రాసి ఉంది. మీ సీసా ధరలో పావు వంతు కూడా లేని మందు అది. తన వల్ల వచ్చే హాని తానే చెప్పుకుంటోంది. 165 రూపాయల మీ సీసాకు ఆ ఒక్క వాక్యం రాయడం ఎందుకు బరువైంది?

ఇంకొకటి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని ప్రభుత్వం టీబీ గురించి ఊరూరా చెబుతోంది. మీ సీసా మీద ఆ మాట లేదు. అమ్మకు పరీక్ష చేయిస్తే టీబీ లేదని వచ్చింది. కానీ మీ సిరప్ తాగుతూ ఆరు వారాలు గడిపేసే ఇంకొకరికి ఉండవచ్చు. వాళ్లింట్లో చిన్నపిల్లలూ ఉండవచ్చు.

నేను అడిగేవి ఇవి. "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అనే మాట మీ పెట్టెల మీద నుంచీ ప్రకటనల నుంచీ తీసేయండి. మూలికల పేర్లు తెలుగులో, అమ్మలాంటి వాళ్లు అద్దాలు పెట్టుకుని చదవగలిగే సైజులో రాయండి. ఆమె రోజూ పేపరంతా చదువుతుంది, ఇంగ్లిషు రాదు. పొగడ్తలు తెలుగులో వేయగలిగినప్పుడు పదార్థాలూ తెలుగులో వేయగలరు. అతిమధురం అని కనపడి ఉంటే కనీసం డాక్టర్‌కు చెప్పేవాళ్లం. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దని, ఎన్ని రోజులకు మించి వాడొద్దో, వేసుకునే మందుల గురించి చెప్పేటప్పుడు దీన్ని కూడా చెప్పాలని రాయండి. ఒక డోసులో గ్లైసిరైజిన్ ఎంత ఉందో నాకు రాతపూర్వకంగా తెలపండి. మా అమ్మకు జరిగినదాన్ని ఆయుష్ మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే వ్యవస్థకు మీరు పంపి, పంపినట్టు కాపీ నాకివ్వండి. మా డాక్టర్ గారు తన వైపు నుంచి ఇప్పటికే పంపారు.

ఆసుపత్రికి, పరీక్షలకు అయిన ఖర్చు 18,640 రూపాయలు. బిల్లులు జతచేశాను, ఆ మొత్తం చెల్లించాలని కోరుతున్నాను. కానీ డబ్బు పంపి లేబుల్ అలాగే ఉంచితే నేను ఒప్పుకోను. అది ముందే చెబుతున్నాను.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు ఆ చట్టంలో 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. మీకు లైసెన్సు ఇచ్చిన అధికారికి కూడా ఇదే ఉత్తరం కాపీ పంపుతాను.

మిగిలిన సగం సీసా పారేయలేదు. బ్యాచ్ నంబరు కనపడేలా ఫొటో జతచేశాను. మీ వాళ్లు ఎవరైనా వచ్చి పరీక్షకు కొంత తీసుకుంటామంటే నా ఎదురుగా సీలు వేసి ఇస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు

జతచేసినవి: కొనుగోలు బిల్లులు, ఆసుపత్రి బిల్లులు, రక్త పరీక్ష రిపోర్టులు, డాక్టర్ చీటీ, సీసా, బిళ్ళల పెట్టె ఫొటోలు.