చెట్లెక్కి కొమ్మలు కోసేవారి పనిముట్ల ఖర్చునూ అంచనాల్లో చేర్చాలి

సంపాదకులకు,

అయ్యా,

ఈశాన్య రుతుపవనాల కాలం వచ్చిందంటే తిరుపతిలో కూలిన చెట్ల ఫొటోలు పత్రికల్లో తప్పకుండా కనిపిస్తాయి. 2021 నవంబరు వరదలప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడూ రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను సిబ్బంది తొలగించారని చదివాం. ఆ తొలగించినవారి చేతిలో ఏ పనిముట్లు ఉన్నాయి, ఒంటిమీద ఏ రక్షణ ఉంది అన్నది మాత్రం ఎవరూ రాయరు. తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు ప్రాంతాల్లో చాలా ఏళ్లుగా చెట్లెక్కి కొమ్మలు కోస్తూ, ఇప్పుడు చిన్న జట్టును నడుపుతున్నవాడిగా ఆ సంగతి మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కోరేది ఒక్కటే. ప్రభుత్వ శాఖలు, విద్యాసంస్థలు, అపార్ట్‌మెంట్ సంఘాలు చెట్ల పని అప్పగించేటప్పుడు కూలి, ట్రాక్టరు బాడుగ మాత్రమే కాకుండా పనిముట్ల ఖర్చు, వాటి మరమ్మతు, రక్షణ సామగ్రి కూడా అంచనాలో విడిగా చూపాలి. ఇలా అడగడానికి కారణాలు ఉన్నాయి.

ఈ రోజుల్లో గొడ్డలితో పెద్ద చెట్టు కొట్టేవారు తక్కువ. పెట్రోలుతో నడిచే మిషన్ రంపమే మాకు ఆధారం. అది టూ-స్ట్రోక్ ఇంజను కాబట్టి దానికి విడిగా ఇంజనాయిల్ ఉండదు, పెట్రోల్లో కలిపిన నూనే పిస్టన్‌ను కాపాడాలి. మంచి రకం టూ-టీ ఆయిల్ అయితే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, మామూలు రకమైతే 40 మిల్లీలీటర్లు కలపాలి. ఈ కొలత తప్పకుండా పాటించినా ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దొరుకుతోంది, రంపాల కంపెనీలు చాలావరకు 10 శాతానికి మించి ఇథనాల్ ఉన్న పెట్రోలు పోయవద్దని తమ పుస్తకాల్లో రాస్తున్నాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పని లేక వారాల తరబడి డబ్బాలో నిలవ ఉన్న పెట్రోల్లో, అందులోనూ వానాకాలంలో, ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు దిగిపోయే ప్రమాదం ఉంది. నూనె మాత్రం పైనున్న పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకులోని గొట్టం అడుగునుంచి పీలుస్తుంది కనుక ఇంజనుకు నూనె లేని ద్రవం అందుతుంది. మిషను మధ్యలో గుక్కపట్టి ఆగిపోతుంది. సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూస్తే అద్దంలా మెరవాల్సిన పిస్టన్ మీద పైనుంచి కిందికి నిలువు గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు కనిపించాయంటే పిస్టన్, రింగులు, ఒక్కోసారి సిలిండరు కూడా మార్చాల్సిందే. మంచి మిషన్లకు అసలు విడిభాగాలు కావాలంటే చాలాసార్లు చెన్నైకో బెంగళూరుకో చెప్పి తెప్పించుకోవాలి. ఆ నాలుగైదు రోజులూ జట్టు మొత్తానికి కూలి ఉండదు.

కార్బొరేటర్ లోపలి పలుచని రబ్బరు పొర గట్టిపడటం, పెట్రోలు గొట్టాలు మెత్తబడి చీలడం, తిరుపతి దుమ్ముకు గాలి ఫిల్టరు పూడుకుపోవడం రోజువారీ బాధలు. వీటికి భయపడి కొందరు 5, 6 వేల రూపాయలకే దొరికే పేరులేని మిషన్లు కొంటున్నారు. వాటితో వచ్చే చిక్కు డబ్బుకు సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. రంపం పట్టీ (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప బద్ద) ముక్కు పైభాగం పక్క కొమ్మకు తగిలితే మిషను ఒక్కసారిగా వెనక్కి, మొహం మీదికి ఎగురుతుంది. ఆ క్షణంలో చైనును ఆపాల్సిన బ్రేకు ఆ చవక మిషన్లలో చాలాసార్లు పట్టదు. కింద నేలమీద నిలబడి కోసేవాడు వెనక్కి తగ్గగలడేమో కాని, కొమ్మల సందున కాళ్లు బిగించి కూర్చున్నవాడికి తప్పుకునే చోటు ఎక్కడిది?

ఇక మేకుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నగరవాసులందరి పాత్రా ఉంది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, అద్దె గదులు, బోరు పనులు, ఇలా ఏదో ఒక రేకు బోర్డు కొట్టని చెట్టు మన రోడ్ల పక్కన దొరకడం కష్టంగా ఉంది. బోర్డు ఎవరో పీకేసినా మేకు లోపలే ఉండిపోతుంది. కొన్నేళ్లకు బెరడు దాన్ని కప్పేస్తుంది. బయటి నుంచి చూస్తే చిన్న బొడిపె తప్ప ఏమీ కనబడదు. కొన్ని చెట్లలో ఫ్లెక్సీలు కట్టిన ఇనుప తీగ చుట్టూ కాండం పెరిగి, ఆ తీగ చెక్కలోపల ఉండిపోతుంది. మిషను దానికి తగలగానే శబ్దం మారుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, ఆ ఒక్క క్షణంలోనే చైను పళ్ల అంచులన్నీ పోతాయి. పదునున్న చైను చెక్కను చిన్న చిన్న పేళ్లుగా విసురుతుంది. పదును పోయిన చైను మెత్తని పొట్టు మాత్రమే రాలుస్తుంది, పట్టీ వేడెక్కి పొగలు వస్తాయి, కోసేవాడు ఒంట్లోని బలమంతా పెట్టి మిషన్ను నొక్కాల్సి వస్తుంది. చెట్టు మీద ఉండి అలా నొక్కినప్పుడు, కొమ్మ తెగిన క్షణంలో మనిషి ముందుకు తూలుతాడు. చైనుకు మళ్లీ పదును పెట్టడం కూడా తేలిక పని కాదు. సరైన సైజు గుండ్రటి ఆకురాయితో ప్రతి పన్నునూ ఒకే కోణంలో, ఒకే పొడవు ఉండేలా రుద్దాలి. ఒక వైపు పళ్లు పొట్టిగా, రెండో వైపు పొడుగ్గా మిగిలితే కోత వంకరపోతుంది. మేకు బాగా లోతుగా దెబ్బతీసిన చైనును పారేసి కొత్తది వేసుకోవడం తప్ప గత్యంతరం లేదు. ఆ చైను డబ్బు మా కూలిలోంచే పోతుంది, మేకు కొట్టినవాడికి మాత్రం ఆ సంగతే తెలియదు.

తాడు విషయానికి వస్తే, మా పెద్దలు మోకుతోనే చెట్లెక్కారు, ఇప్పటికీ చాలామంది నైలాన్ తాడు నడుముకు కట్టుకునే ఎక్కుతున్నారు. గొడ్డలి, కొడవలి కాలంలో అది కొంతవరకు చెల్లింది. తిరుగుతున్న చైను నైలాన్ తాడుకు తగిలితే ఆ తాడు రెప్పపాటులో తెగిపోతుంది. అందుకే పైన మిషను వాడేటప్పుడు మనిషి రెండు వేర్వేరు ఆధారాలతో చెట్టుకు కట్టుకుని ఉండాలి, అందులో ఒకటి లోపల ఉక్కు తీగ ఉన్న తాడైతే మంచిది. నడుము పట్టీ ఒక్కటే ఉంటే పడినప్పుడు వెన్ను విరిగే ప్రమాదం ఉంది కనుక భుజాలు, తొడలు కలిపి పట్టే పూర్తి హార్నెస్ కావాలి. దానికి ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ ముద్ర ఉన్న హార్నెస్ కొన్నా అది కలకాలం పనికిరాదు, మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండకు దాని పట్టీలు క్రమంగా బలం కోల్పోతాయి. వీటికి తోడు చైను తగిలితే లోపలి పీచు దానికి చుట్టుకుని మిషన్ను ఆపేసే ప్రత్యేకమైన కాలితొడుగులు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్‌లు ఉండాలి. మిషన్ రంపం మోత 100 డెసిబెల్స్ దాటుతుంది, ఏళ్ల తరబడి ఆ పని చేసిన మావాళ్లలో ఇంట్లో మాట్లాడే మాట సరిగా వినబడనివారు ఉన్నారు. ఒక సంస్థ ఆవరణలో పని చేస్తుండగా మా జట్టులోని ఒకతను చెట్టుపైనుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ పని ఇప్పించిన కాంట్రాక్టరు తన కాగితాల్లో అతని పేరే లేదన్నాడు. పనిలో గాయపడినవారికి పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది, అయితే పేరే నమోదు కాని మనిషి దానికోసం ఏ ఆధారం చూపగలడు?

కరెంటు తీగల దగ్గర పనికి లైన్ క్లియర్ (ఆ లైనులో కరెంటు ఆపినట్టు విద్యుత్ సిబ్బంది ఇచ్చే అనుమతి) తీసుకోకుండా ఎక్కకూడదు. ఈ నియమం అందరికీ తెలుసు. అయినా ఉదయం ఎక్కాల్సిన చెట్టుకు మధ్యాహ్నం దాకా లైన్ క్లియర్ రాకపోతే, ఆ రోజు కూలి పోతుందన్న బెంగతో తీగలకు దూరంగా ఉన్న కొమ్మలైనా కోద్దామని ఎక్కేవారున్నారు. వానలో తడిసిన కొమ్మ 11 కేవీ (11 వేల వోల్టుల) తీగమీద వాలితే పచ్చి చెక్క గుండా కూడా కరెంటు వస్తుంది. సమయం ముందే ఖరారు చేసి ఇస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

శేషాచలం అడవుల పక్కనే ఉండటం వల్ల మాకు మరో ఇబ్బంది ఉంది. ఎర్రచందనం దొంగరవాణా ఎంత నష్టం చేసిందో మాకూ తెలుసు, దాన్ని అడ్డుకునేవారి మీద మాకు గౌరవం ఉంది. చెట్టు మొత్తంగా తొలగించాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉండాలన్నదీ న్యాయమే. అయితే తెల్లవారుజామున కరకంబాడి వైపో, అలిపిరి వైపో మిషన్లు, తాళ్లు వేసుకుని పనికి వెళ్లే మనిషికి, తనిఖీలో ఆపినప్పుడు తాను ఎవరో నిరూపించుకోవడానికి ఏ గుర్తింపు కార్డూ లేదు. మిషను నంబరుతో సహా నమోదు చేసి ఒక కార్డు ఇస్తే తనిఖీ చేసేవారి పనీ తేలికవుతుంది, మాకూ గంటల తరబడి రోడ్డు పక్కన నిలబడే అవస్థ తప్పుతుంది.

ఈ ఇబ్బందులన్నీ చివరికి చెట్టు మీదికే వస్తాయన్నది నా బాధ. ప్రస్తుతం చాలా పనులకు ఎన్ని ట్రాక్టర్ల కొమ్మలు దించామన్నదే లెక్క. ఆ లెక్కలో మంచి మిషనుకు, పదునైన చైనుకు, తాడు కట్టి కొమ్మను నెమ్మదిగా దించడానికి డబ్బూ ఉండదు, సమయమూ ఉండదు. బరువైన కొమ్మను సరిగా కోయాలంటే ముందు కాండానికి కాస్త దూరంలో కింది నుంచి గాటు పెట్టాలి, ఆ తర్వాత ఇంకొంచెం అవతల పైనుంచి కోసి బరువు దించాలి, చివరికి కొమ్మ మొదలు దగ్గర ఉబ్బుగా ఉండే భాగాన్ని ముట్టుకోకుండా దానికి ఆనుకుని మిగిలిన మోడును తీసేయాలి. అలా చేస్తే కింద బెరడు చీలదు, ఆ ఉబ్బు నుంచే కొత్త బెరడు పెరిగి గాయం మూసుకుంటుంది. ఒకే కోతతో పని ముగిస్తే కొమ్మ తెగేముందు తన బరువుతో కాండం మీది బెరడును నిలువునా చీల్చుకుంటూ పోతుంది. ఇంకా తొందరగా ముగించాలనుకునేవారు తల మొత్తం నరికి మోడు నిలబెడతారు. దాని చుట్టూ వచ్చే కొత్త చిగుళ్లు గుబురుగా పెరుగుతాయి కాని, వాటి మొదళ్లకు లోపలి చెక్కతో పట్టు ఉండదు, బరువెక్కాక గాలివానకు అవే ముందు విరిగిపడతాయి. తురాయి, నిద్రగన్నేరు చెట్ల విషయంలో ఇది మన రోడ్లమీద కళ్లారా చూస్తున్నాం. చిత్తూరు వైపు తోతాపురి మామిడి తోటల్లో కాపు అయ్యాక కత్తిరింపులు చేయించే రైతులు ఈ తేడా బాగా ఎరుగుదురు, మంచి కోతకు రెండు రూపాయలు ఎక్కువైనా ఇస్తారు.

ఇతరులకు చేసిన మేలు చూస్తే మాకూ కొంత ఆశ కలుగుతుంది. కొబ్బరి చెట్లెక్కేవారికి కొబ్బరి అభివృద్ధి మండలి కేర సురక్ష పేరుతో ప్రమాద బీమా నడుపుతోంది. తెలంగాణలో 2024 నుంచి గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇస్తున్నారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం ఉంది, ఆ 18లో చెట్ల పని లేదు. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో మరణానికి 2 లక్షల రూపాయలు వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాలో మా జట్టువారందరినీ చేర్పించాను. మరణించకుండా మూడు నెలలు మంచాన పడినవాడికి అందులో ఏమీ రాదు.

చెట్ల పని టెండర్లలో మిషన్లకు, చైన్లకు, మరమ్మతులకు ఒక పద్దు, హార్నెస్, హెల్మెట్, కాలితొడుగులకు ఇంకో పద్దు పెట్టి, ఆ సామగ్రి పని స్థలంలో ఉందో లేదో చూశాకే పని మొదలుపెట్టనివ్వాలని, ట్రాక్టర్ల లెక్క తీసేసి చెట్టు సైజును, చేయాల్సిన కోతను బట్టి రేటు కట్టాలని, చెట్లకు మేకులు కొట్టేవారికి జరిమానా వేయాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈసారి అక్టోబరు వానలు మొదలయ్యేలోగా నగరపాలక, విద్యుత్, అటవీ శాఖల అధికారులు మాలాంటి జట్లను ఒక్కసారి పిలిచి మాట్లాడితే, ఏ చెట్టుకు ఏ సామగ్రి కావాలో, దానికి ఎంత ఖర్చవుతుందో బిల్లులతో సహా చూపడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
చెట్ల పని మేస్త్రి,
కొర్లగుంట, తిరుపతి.