ఏటికొప్పాక బొమ్మల పని గురించి కలెక్టర్ గారికి

నమస్కారం సార్,

2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు చూసి ఊరంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం, 2017లో జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) వచ్చినప్పుడూ అంతే, కానీ ఆ బొమ్మ చేసే చేతులు ఎన్ని మిగిలాయో ఎవరైనా లెక్క చూస్తున్నారా అని నా డౌటు.

మా వీధి కుర్రాళ్ళు ఇంటర్ అవ్వగానే అచ్యుతాపురం కంపెనీలకి పోతున్నారు. తప్పేముంది, అక్కడ నెల తిరిగేసరికి జీతం, పీఎఫ్ కూడా. ఇక్కడ ఆర్డర్ ఉంటేనే కూలి. లేత్ మెషీన్ మీద తిరిగే అంకుడు కర్రకి (బొమ్మలు చేసే మెత్తటి కర్ర) రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు పట్టాలి, ఆ మీద మొగలి రేకుతో రుద్దితే మెరుపొస్తుంది, ఎంత నొక్కాలో చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు చాలీచాలని డబ్బులతో ఏ పిల్లాడు కూర్చుంటాడు చెప్పండి?

2020లో దిగుమతి బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతం చేశారు, మంచిదే. అయినా ప్లాస్టిక్ బొమ్మ మన దేశంలోనే ఫ్యాక్టరీలో తయారైతే మాకు ఒరిగేదేంటి?

అడిగేవి పెద్దవేం కాదు సార్. నేర్చుకునే పిల్లలకి నెలనెలా స్టైపెండ్ ఇప్పించండి, అంకుడు చెట్లు ఊరి బంజర్లలో నాటించండి (నరకడమే తప్ప నాటడం తక్కువ కదా), ఆఫీసుల్లో మెమెంటోలకి మా బొమ్మలే కొనమని ఆర్డర్ వేయండి. ఆ శాలువాలు, గాజు షీల్డులు ఎవరు దాచుకుంటారండీ అసలు!

ఇట్లు,
ఏటికొప్పాక వాసి